అక్క స్కోరు

అతనికి యాభై ఒక్క ఏళ్లు. బట్టతల, చదవడానికో కళ్లజోడు, సోల్డరింగుకో కళ్లజోడు, మెట్లు చూస్తే మొరాయించే ఎడమ మోకాలు. పేరు చిన్నోడు. అసలు పేరొకటి ఉంది గానీ దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. అమ్మానాన్నలు చిన్నోడన్నారు, అక్క చిన్నోడంది, వీధంతా అదే పట్టుకుంది. ఇప్పుడు రిపేరుకొచ్చే వాళ్లు "చిన్నోడు అంకుల్" అంటారు. అదేం పిలుపో వాళ్లకే తెలియాలి.

ఇంటి ముందుగదే షాపు. పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు, కొత్తవి ముట్టడు. "కొత్తది చెడిపోతే పారేస్తారు. పాతది చెడిపోతే ఏడుస్తారు. నాకు ఏడ్చేవాళ్లే కావాలి" అంటాడు. గోడల పొడుగునా పెట్టెలు, పళ్లెమంత ఫ్లాపీలు, ఏ యంత్రానివో తెలియక పారెయ్యలేని తీగల చుట్టలు. బయట ఒక బోర్డు: "ముప్పై నాలుగేళ్లుగా ఆగని కంప్యూటర్ ఇచ్చట కలదు. చెప్పులు బయట విడువవలెను." జనం నిజంగానే విడిచి వస్తారు.

ఆ కంప్యూటర్ మధ్యగదిలో, కిటికీ పక్కన ఎత్తుపీట మీద ఉంటుంది. కీబోర్డూ కంప్యూటరూ ఒకే పెట్టెలో ఉండే రకం. పద్నాలుగంగుళాల నలుపు తెలుపు టీవీకి తగిలించి ఉంటుంది. అప్పట్లో నాన్న ఆఫీసువాళ్లు సరదాపడి రెండు కొన్నారట. మొదటిదాంతో ఏం చెయ్యాలో తెలియలేదు, రెండోదాంతోనూ తెలియలేదు. ఒకటి నాన్నకి అంటగట్టి చేతులు దులుపుకున్నారు. చిన్నోడికి అప్పుడు పద్నాలుగు, అక్కకి పదిహేడు. పుస్తకంలో చూసి రెండు వరుసలు టైపు చేశాడు. టీవీ నిండా అతని అసలు పేరు వచ్చింది, పైనుంచి కిందిదాకా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. బడి హాజరుపట్టీలో కూడా అంత సరిగ్గా ఉండేది కాదు. ఆ పూట భోజనానికి లేవమంటే లేవలేదు. తనని పేరుపెట్టి పిలిచిన మొదటి ప్రాణి అదేనని ఇప్పటికీ చెప్తాడు. అది ప్రాణి కాదయ్యా అంటే వినడు.

పెట్టె ఒకటి, పిల్లలిద్దరు. జుట్లు పట్టుకున్నారు. నాన్న విసిగిపోయి తీర్పు చెప్పాడు: "గుడ్ల ఆటలో ఎవరి స్కోరు ఎక్కువుంటే పెట్టె వాళ్లది. నన్ను మాత్రం పిలవకండి." గుడ్ల ఆటంటే క్యాసెట్టులోంచి ఎక్కించే ఆట. పైనుంచి గుడ్లు రాలతాయి, కింద బుట్టని అటూ ఇటూ జరిపి పట్టాలి. మామూలు గుడ్డుకి పది, బంగారు గుడ్డుకి యాభై. మూడు పగిలితే ఆట అయిపోతుంది. ఆడేకొద్దీ వేగం పెరుగుతుంది. ఇంతే సంగతి, దీనికోసమే అన్ని జుట్లూ ఊడాయి.

మూడేళ్ల తర్వాత నర్సు చదువుకి ఊరు వెళ్లే ముందురోజు అక్క పన్నెండు వేల మూడు వందల నలభై కొట్టింది. చిన్నోడి మొత్తం జీవితంలో అత్యధికం ఎనిమిది వేల చిల్లర. మర్నాడు గుమ్మంలో సూట్‌కేసు పెట్టుకుని అక్క వేలు చూపించి చెప్పింది. "పెట్టె నాది. హాస్టల్లో చోటు లేక నీ దగ్గర ఉంచుతున్నా. ఆపావనుకో, స్కోరు పోతుంది. స్కోరు పోయిందనుకో, నీ వీపు పోతుంది. నిజాయితీగా దాటావా, నీదే."

ఆ కాలపు యంత్రాలకి కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం. ఆపితే అన్నీ మర్చిపోతాయి. పోనీ ఆటైనా మళ్లీ ఎక్కించుకుందామంటే, రెండేళ్లు తిరక్కుండానే క్యాసెట్టు మాయమైంది. ఇల్లంతా తిరగేసినా దొరకలేదు. అంటే ఆపితే స్కోరూ పోతుంది, ఆటా పోతుంది. కనక చిన్నోడు ఆపలేదు. కరెంటు పోతే ఆదుకోవడానికి లారీ బ్యాటరీ తగిలించాడు. ఇల్లు మారినప్పుడు పెట్టె, టీవీ, బ్యాటరీ మూడూ తోపుడుబండి మీద వెలుగుతూనే వెళ్లాయి. పక్కన చిన్నోడు మూత మీద చెయ్యేసి నడిచాడు. దారిలో ఎవరో దణ్ణం కూడా పెట్టారు.

పెళ్లై వచ్చిన రోజున భార్యకి మొదట చూపించింది దాన్నే. "దీన్ని ముట్టుకోకు" అన్నాడు. ఆవిడ "సరే" అంది. ఆవిడ బట్టలు కుడుతుంది. కుట్టుమిషను మధ్యగదిలోనే రెండో కిటికీ దగ్గర వేసుకుంది. అది పని ఉన్నప్పుడు మోగుతుంది, ఇది ఎప్పుడూ గుయ్యిమంటూ ఉంటుంది. ఇరవై ఆరేళ్ల కాపురం అలా గడిచింది. ఉన్న ఒక్క కూతురూ హాస్టల్లో చదువుతోంది.

చూడ్డానికొచ్చే వాళ్లకి చిన్నోడు ఒక వివరం తప్పకుండా చూపిస్తాడు. కీబోర్డు మీద ఎడమకి జరిపే మీట కుడి మూల అరిగి మెరుస్తూ ఉంటుంది. "మా అక్క వేలు" అంటాడు, గొంతు తగ్గించి. "చూడండి, ఎంత ఆడితే అలా అరిగుంటుంది!" జనం వంగి చూసి తలలాడిస్తారు. కుట్టుమిషను దగ్గర ఆవిడ దారం కొరుక్కుంటూ ఉంటుంది.

ఇలా ఉండగా అక్క ఫోను చేసింది. హెడ్ నర్సుగా ముందుగానే ఉద్యోగ విరమణ చేసి నెల కాలేదు. అజమాయిషీ చెయ్యడానికి మనుషుల్లేక చేతులు జివజివలాడుతున్న రోజులు.

"ఒరేయ్ చిన్నోడా, వచ్చే ఆదివారం వస్తున్నా. మా ఊళ్లో పాత కంప్యూటర్లకి మ్యూజియం పెడుతున్నారు. నా పెట్టె ఇస్తానని మాటిచ్చా. పలక మీద నా పేరూ నా స్కోరూ చెక్కిస్తారట. వ్యాను తెస్తా, బ్యాటరీతో సహా ఎక్కించేద్దాం."

"అక్కా, అది..."

"దాటావా?"

"లేదు."

"మరింకేంటి?" ఫోను పెట్టేసింది.

ఆ పెట్టె లేని మధ్యగదిని చిన్నోడు ఊహించుకోలేకపోయాడు. గట్టిగా ప్రయత్నిస్తే కళ్లలో నీళ్లొచ్చాయి. తొమ్మిది రోజులుంది. షాపుకి సెలవని అట్ట తగిలించి, చదివే కళ్లజోడు పెట్టుకుని, గుడ్లు పట్టడానికి కూర్చున్నాడు.

మొదటి రోజు మూడు వేలు. రెండో రోజు నాలుగు వేల పది. మూడో రోజు మెడ పట్టేసింది. నాలుగో రోజు సోల్డరింగు కళ్లజోడు పెట్టుకుని ఆడాడు, గుడ్లు పుచ్చకాయలంత కనిపించాయి, అయినా పగిలాయి. ఐదో రోజు ఆరు వేలకి చేరి, కాఫీ అడుగుదామని తల తిప్పాడు, పోయింది.

"ఎడమ మీట పట్టేస్తోందే. అది సరిగ్గా ఉంటేనా!" అన్నాడు భార్యతో.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అంది ఆవిడ, అంచు మడుస్తూ.

"నీకేం తెలుసు? ఎప్పుడైనా ముట్టుకున్నావా?"

ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది.

శుక్రవారం పొద్దున చిన్నోడు తెగించాడు. మీట కింద దుమ్ము తియ్యాలంటే పెట్టె విప్పాలి. విప్పాలంటే ఆపాలి. ఆపకూడదు. ఇంకెవరైనా అయితే అక్కడితో ఊరుకునేవాళ్లు. మనవాడు రబ్బరు చెప్పులు తొడుక్కుని, చెక్కపీట మీద నిలబడి, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, నడుస్తున్న యంత్రాన్ని ఒంటిచేత్తో విప్పాడు. మూడు మరలు వచ్చాయి. నాలుగోది స్క్రూడ్రైవర్ కొసనుంచి జారి లోపల పడింది. టప్పుమంది. టీవీలో గీత ఒకటి మెరిసి, చుక్కయి, ఆరిపోయింది.

చిన్నోడి పైప్రాణాలు పైనే పోయాయి. చేతులు మాత్రం అలవాటు కొద్దీ పని చేశాయి. మరని తీశాయి, కాలిన ఫ్యూజు మార్చాయి, మూత బిగించాయి. స్విచ్ వేస్తే పెట్టె నిక్షేపంగా లేచింది. తెర మీద ఒక్క చదరపు చుక్క కొట్టుకుంటోంది, అంతే. గుడ్లూ లేవు, బుట్టా లేదు, అక్కా లేదు. ముప్పై నాలుగేళ్లు ఒక మరలో పోయాయి. అతను పీట మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడుపు విని ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తెర చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఫ్యూజు మార్చారా?"

"మార్చా."

"అయితే లేవండి. అంగడికెళ్లి దారం రీళ్లు తెచ్చిపెట్టండి. తెల్లవి ఆరు."

"కొంప మునిగితే దారం రీళ్లా!"

"పోనీ ఉండండి, చూద్దురుగాని. ఇంక దాచి ఏం లాభం."

కుట్టు సామాను డబ్బా తెచ్చింది. గుండీల కింద, కొలతల టేపు కింద, గుడ్డముక్కలో చుట్టి ఉంది క్యాసెట్టు. దాని మీద నాన్న చేతిరాత. చిన్నోడు గుడ్లప్పగించి చూశాడు. ఆవిడ షాపులోకి వెళ్లి, ఉన్న ఏడు టేప్‌రికార్డర్లలో చూసి చూసి మూలనున్నదాన్ని పట్టుకొచ్చింది. తీగ తగిలించి, వాల్యూమ్ బిళ్లని ఏడుకి తిప్పి, వెంట్రుకవాసి వెనక్కి లాగింది.

"ఏడు మీద పెడితే ఎక్కదు. రెండో నిమిషంలో గీత ఉంది, అక్కడ చచ్చిపోతుంది" అంది.

క్యాసెట్టు కీచుమంది. చిన్నోడు పదిహేడేళ్ల వయసు తర్వాత మళ్లీ వినని కూత అది.

"ఇది నీకెక్కడిది?"

"అత్తయ్య ఇచ్చారు. నేను కాపురానికొచ్చిన మూడో నెల. బీరువా తాళాలూ ఇదీ ఒకేసారి అప్పజెప్పారు. వదిన వెళ్లిన రెండో ఏడే, మీరు పని నేర్చుకోడానికి పట్నం వెళ్లినప్పుడు, ఆవిడ ఇస్త్రీపెట్టె కోసం ప్లగ్గు పీకేశారట. మీరు బెంగెట్టుకుంటారని, స్కోరు మళ్లీ వచ్చేదాకా కూర్చుని ఆడారట. ఐదు నెలలు పట్టిందట పాపం. ఆ భయంతోనే క్యాసెట్టు దాచేశారు."

"అమ్మా?"

"ఆవిడ మూడుసార్లు. నేను ఐదు. పాప పాకడం నేర్చుకున్నప్పుడు ఒకటి, ఎలక తీగ కొరికినప్పుడు ఒకటి, ఇల్లు మారిన రోజు ఒకటి..."

"ఇల్లు మారిన రోజా! బండి పక్కన నేనే నడిచానుగా!"

"దింపాక మీరు బండివాడితో మాట్లాడుతున్నారు."

చిన్నోడికి ఒక్కొక్కటే వెలిగింది. అతను విడిభాగాల కోసం బజారుకెళ్లి వచ్చిన రోజుల్లో కుట్టుమిషను ఆగకుండా మోగుతూ ఉండేది. ఎంత కష్టపడుతోందోనని జాలిపడేవాడు. ఆ మోత క్యాసెట్టు కూత వినపడకుండా. అరిగిన మీట మూల సంగతీ వెలిగింది.

"ఇరవై ఆరేళ్లు నన్ను వెర్రివాణ్ణి చేశావన్నమాట!"

"నేనేం చెయ్యలేదు. నేనొచ్చేసరికే మీరు అయి ఉన్నారు" అని ఆవిడ ఆటకి కూర్చుంది.

అతను అలాంటి ఆట ఎన్నడూ చూడలేదు. ఆవిడ తెరకేసి చూస్తున్నట్టే లేదు, బట్ట సూదికింద ఎటు జరగాలో చేతికే తెలిసినట్టు బుట్ట దానంతటదే వెళ్లి గుడ్డుకింద నిలబడుతోంది. ఎడమ మీటని కుడి మూల నొక్కితే పట్టెయ్యడం లేదు. ముప్పావు గంటకి పన్నెండు వేల మూడు వందల పది అయింది. అప్పుడొక బంగారు గుడ్డు రాలింది. ఆవిడ బుట్ట కదపలేదు.

"బంగారు గుడ్డే! బంగారు గుడ్డు!" అని అరిచాడు చిన్నోడు.

"అది యాభై. నాకు కావలసింది ముప్పై."

మూడు మామూలు గుడ్లు పట్టింది. ఆగి, చేతులు ఒళ్లో పెట్టుకుని, మిగిలినవి పగలనిచ్చింది. తెర పైన పన్నెండు వేల మూడు వందల నలభై వచ్చి నిలబడింది, ఏమీ జరగనట్టు.

"ఎప్పుడూ దాటాలనిపించలేదా?" అన్నాడు.

"దాటితే మీకు తెలిసిపోదూ? అత్తయ్య పోయేముందు చెయ్యి పట్టుకుని అదే చెప్పారు. వాడు ఆ అంకె చూసుకుని బతుకుతున్నాడమ్మా, మారనివ్వకు అని."

చిన్నోడికి అమ్మ గుర్తొచ్చింది. చత్వారపు కళ్లతో ఐదు నెలలు గుడ్లు పట్టిన అమ్మ. తర్వాత ఆదివారం గుర్తొచ్చింది. మనిషి ఎంత సిగ్గుపడ్డా ఆశ చావదు కదా.

"ఏమే, నువ్వొక్కసారి దాటిపెట్టవా? నేను దాటానని అక్కకి చెప్తా."

ఆవిడ జాకెట్టు కొలత అడిగినట్టు అడిగింది. "ఎంత కావాలి?"

"పది చాలు."

"అబద్ధం మీరు చెప్పుకోవాలి. నేను చెప్పను."

ఆదివారం అక్క వచ్చింది. వ్యాను వీధిలో నిలబెట్టించి, గుమ్మంలోనే డ్రైవరుకి చెప్పులు విడవమని చెప్పి, నేరుగా మధ్యగదిలోకి నడిచింది. తెర చూసింది. పన్నెండు వేల మూడు వందల యాభై. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"దాటావే!" అంది.

"మొన్ననే" అన్నాడు చిన్నోడు. చెవులు ఎర్రబడ్డాయి.

ముప్పై ఏళ్లు రోగులతో వేగిన మనిషి. మాత్ర మింగానని చెప్పి దుప్పటికింద దాచేవాళ్లని ఎంతమందిని చూసుంటుంది!

"ఏదీ, కూర్చో. ఆడు."

కూర్చున్నాడు. ఆడాడు. నాలుగు వందల ఇరవైకి మూడు గుడ్లూ పగిలాయి.

"మెడ నొప్పి" అన్నాడు.

"ఒరేయ్."

ఆ ఒక్క పిలుపుకి చిన్నోడు కరిగిపోయాడు. తల వంచుకునే ఉన్నాడు, కానీ మాట స్పష్టంగానే వచ్చింది. "నేను దాటలేదక్కా. మా ఆవిడ దాటింది. అసలు నీ స్కోరు కూడా ఇందులో లేదు. నువ్వెళ్లిన రెండో ఏడే పోయింది. అమ్మ మళ్లీ ఆడి పెట్టింది మూడుసార్లు, తర్వాత ఈవిడ ఆరుసార్లు. నాకూ మొన్న శుక్రవారం దాకా తెలీదు. బయట బోర్డు కూడా అబద్ధమే."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "అమ్మ ఆడిందా?" అంది చివరికి. "అమ్మకి టీవీ పెట్టడమే చేతకాదు కదరా." తర్వాత ముక్కు చీది, మరదలికేసి తిరిగింది. "అమ్మాయ్, కూర్చో. కొలిచి ఆడకు. ఎంత వస్తే అంత ఆడు."

"ఎందుకు వదినా ఇప్పుడు..."

"ఆడవే" అన్నాడు చిన్నోడు. "దాటెయ్."

ఆవిడ కూర్చుంది. పన్నెండు వేల మూడు వందల నలభై దగ్గర అలవాటుగా చేతులు ఒక్క క్షణం తేలిపోయాయి. అన్నీ చూస్తున్న అక్క "ఊఁ" అంది. చేతులు మళ్లీ దిగాయి. తర్వాత బంగారు గుడ్డు ఒక్కటి వదల్లేదు. ఇరవై వేలు దాటింది. వేగానికి గుడ్లు గీతల్లా కనిపించసాగాయి. అక్కాతమ్ముళ్లిద్దరూ నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. బయట డ్రైవరు హారన్ కొట్టాడు, ఎవరూ పలకలేదు. ముప్పై వేలు దాటాక మూడో గుడ్డు పగిలేసరికి ఆట అయిపోయింది. ఆవిడ వేళ్లు విరుచుకుంది.

అక్క లేచింది. "నాన్న మాట నాన్న మాటే. పెట్టె నీది. మ్యూజియం వాళ్లకి నేను చెప్పుకుంటా."

"నాదేనా?"

"నీదే."

"నా ఇష్టమేనా?"

"నీ ఇష్టమే."

ఆవిడ చెయ్యి చాపి స్విచ్ ఆపేసింది.

"అయ్యో!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

"ఇరవై ఆరేళ్లుగా చెవిలో తుమ్మెద దూరినట్టుంది. ఒక్క గంట పడుకోనివ్వండి" అని ఆవిడ కుట్టుమిషను పక్కనే చాప వేసుకుని, అటు తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో నిద్ర పట్టింది.

ఆ గదిలో గోడగడియారం చప్పుడు చేస్తుందని చిన్నోడికి అప్పుడే తెలిసింది. పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది. ఊళ్లో ఉన్న పాత యంత్రాలన్నీ బాగుచేశాడు గానీ, ఇది చల్లారడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలియదు. చెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు.

"ఒరేయ్" అంది అక్క, గుసగుసగా. "ఇందాక ఎంత వచ్చింది?"

"ముప్పై ఒక్క వేల చిల్లర."

"చిల్లరెంత?"

చిన్నోడు ఆలోచించాడు. నల్లటి తెరకేసి చూశాడు. అక్క కూడా చూసింది. ఇద్దరిలో ఎవరూ రాసుకోలేదు.

"లేపి అడగనా?" అన్నాడు.

"వద్దు" అంది అక్క. "పడుకోనివ్వు. లేచాక మళ్లీ ఆడుతుంది."